బ్లాక్‌జాక్‌లో లెక్క కన్నా టేబుల్ ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరును మించాలని ఆడే కాసినో పేకాట అయిన బ్లాక్‌జాక్ ముక్కల లెక్కింపుపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 2 నుంచి 6 దాకా ఉన్న చిన్న ముక్కలకు ఒకటి కలపాలని, 7, 8, 9లను వదిలేయాలని, పది, జాకీ, రాణి, రాజు, ఆసులకు ఒకటి తీసివేయాలని చెప్పే హై-లో పద్ధతిని వ్యాసకర్త తేటగా వివరించారు. ఆ వివరణలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే ఈ లెక్క చేతనైనవాడు ఏ కాసినోలోనైనా, ఏ టేబుల్ దగ్గరైనా గెలుస్తాడన్న భావం పాఠకులకు కలిగేలా వ్యాసం ముగిసింది. గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం వల్ల, ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్న ఆరేళ్ళలో నెవాడాకు వెళ్ళినప్పుడల్లా ఈ లెక్కను చిన్న పందేలతో పరీక్షించి చూసినవాణ్ణి కూడా కావడం వల్ల, ఆ భావం ఎంత ప్రమాదకరమో చెప్పడం నా బాధ్యతగా భావించి ఈ లేఖ రాస్తున్నాను. లెక్కించడం మూడు వారాల సాధనతో వస్తుంది. లెక్కకు ఫలితమిచ్చే ఆట ఎక్కడుందో కనిపెట్టడం అంతకన్నా చాలా కష్టం, గెలుపోటములు ముప్పాతిక వంతు దాని మీదే ఆధారపడి ఉంటాయని నా నమ్మకం.

నేను మొదట చేసిన పొరపాటునే చెబుతాను. పేకలు ఎంత తక్కువైతే ఆటగాడికి అంత మేలని చదివి ఉన్నాను, అది నిజమే. ఒక కాసినోలో, ఒకే పేకతో ఆట అని పెద్ద అక్షరాలతో పెట్టిన బోర్డు చూసి, ఇంకేమీ గమనించకుండా కూర్చున్నాను. ముప్పావు గంట గడిచాక ఒక పంపకంలో చిన్న ముక్కలు వరసగా వెళ్ళిపోయి లెక్క బాగా పెరిగింది, అంటే ఆటగాడికి మేలు చేసే పెద్ద ముక్కలు ఎక్కువగా మిగిలాయి. 50 డాలర్లు కాశాను. ఆసు, రాణి వచ్చాయి. 75 డాలర్లు రావలసిన చోట డీలరు నా ముందు 60 డాలర్ల చిప్స్ పెట్టింది. పొరపాటు జరిగిందేమోనని అడిగాను. ఆమె మారు మాట్లాడకుండా టేబుల్ మీద పరచిన ఆకుపచ్చ గుడ్డ వైపు, సరిగ్గా నా మోచేయి ఆనిన చోటికి వేలు చూపింది. బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క) పడితే అయిదుకు ఆరు చొప్పున చెల్లిస్తామని అక్కడ రాసి ఉంది. ముప్పావు గంట సేపు ఆ అక్షరాల మీదే చేయి ఆనించుకుని కూర్చున్నాను.

ఆ 15 డాలర్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే దాని బరువు తెలుస్తుంది. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క కలిసి రావడం సుమారు 21 ఆటలకు ఒకసారి జరుగుతుంది. డీలరుకు కూడా అదే వచ్చి సమమయ్యే సందర్భాలను తీసివేస్తే వంద ఆటల్లో నాలుగున్నర సార్లు మనకు చెల్లింపు జరుగుతుంది. రెండుకు మూడు చొప్పున ఇవ్వవలసినదాన్ని అయిదుకు ఆరుకు తగ్గించినప్పుడు, చెల్లించిన ప్రతిసారీ పందెంలో పదింట మూడు వంతులు పోతుంది. మొత్తం మీద కాసినో మొగ్గు, అంటే పందెంలో సగటున దానికి మిగిలే వంతు, దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. మంచి నియమాలున్న ఆరు పేకల ఆటలో కాసినోకు ఉండే మొగ్గే అర శాతం చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఈ ఒక్క నిబంధనతో ఆట సుమారు నాలుగు రెట్లు ఖరీదవుతుంది.

లెక్కించేవాడి వైపు నుంచి చూస్తే ఇది మరింత కఠినం. పేరుకున్న లెక్కను ఇంకా పంచవలసిన పేకల సంఖ్యతో భాగించగా వచ్చేదాన్ని ట్రూ కౌంట్ అంటారు. అది ఒకటి పెరిగినప్పుడల్లా ఆటగాడి వైపు సుమారు అర శాతం మొగ్గు చేరుతుంది. కాబట్టి మామూలు ఆటలో ట్రూ కౌంట్ ఒకటికి చేరితే ఇరుపక్షాలూ సమానమవుతాయి, రెండు దాటితే ఆటగాడిది స్పష్టమైన పైచేయి అవుతుంది. అయిదుకు ఆరు చెల్లించే ఆరు పేకల టేబుల్ దగ్గర సమానం కావడానికే దాదాపు నాలుగు దాకా ఆగాలి. అంత లెక్క వచ్చే ఆటలు చాలా తక్కువ. వచ్చేలోగా పెట్టిన చిన్న పందేలన్నీ నష్టంలో పోతూనే ఉంటాయి. అందువల్ల ఈ చెల్లింపు ఉన్న టేబుల్ దగ్గర, మిగతా నియమాలు ఎంత ఉదారంగా ఉన్నా, కూర్చోకూడదు. ఈ విషయంలో నాకు మినహాయింపు లేదు.

మీ వ్యాసం పూర్తిగా విడిచిపెట్టిన సంగతి దీనికన్నా పెద్దది. పేక కలిపేలోగా ఎంత మేర పంచుతారన్నదే ఆ సంగతి. ఆటగాళ్ళు దాన్ని పెనెట్రేషన్ అంటారు. లోతు అనడం తెలుగులో సరిపోతుంది. ఆరు పేకలు కలిపి, ముక్కలు పంచే షూ అనే పెట్టెలో పెట్టే ముందు డీలరు ఒక రంగు ప్లాస్టిక్ ముక్కను వెనక భాగంలో గుచ్చుతారు. పంపకంలో ఆ ముక్క బయటపడితే ఆ ఆటతో ఆపి మళ్ళీ కలుపుతారు. ఆ కట్ కార్డు వెనక ఒక పేక మిగిల్చారా, రెండు పేకలు మిగిల్చారా అన్నది దూరం నుంచి చూసేవారికి పట్టదు. ఒక పేక మందం ఒకటిన్నర సెంటీమీటర్లే. లెక్కించేవాడి రాబడి అంతా ఆ ఒకటిన్నర సెంటీమీటర్లలో ఉంటుంది.

ఎందుకో వివరిస్తాను. ఒక పేకలో చిన్న ముక్కలు 20, పెద్ద ముక్కలు 20, లెక్కలోకి రానివి 12. అన్నీ పంచితే లెక్క తప్పనిసరిగా సున్నాకు వస్తుంది. మధ్యలో మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటను ఆరు పేకలకు, అంటే 312 ముక్కలకు, కాగితం మీద లెక్కగట్టి చూశాను. మొదటి పేక అయిపోయేటప్పటికి ట్రూ కౌంట్ ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి అటూ ఇటూ ఊగే మేర, సుమారు 1.2. మూడు పేకలు అయ్యాక 2.6. నాలుగు పేకలు అయ్యాక 3.7. అయిదు పేకలు అయ్యేసరికి అది 5.8కి చేరుతుంది. దీన్నే అవకాశాలుగా మార్చి చెబితే, మొదటి పేక చివర ట్రూ కౌంట్ రెండు దాటే అవకాశం నూటికి నాలుగు, నాలుగో పేక చివర నూటికి ఇరవై తొమ్మిది, అయిదో పేక చివర నూటికి ముప్పై ఆరు. పైగా అక్కడ కనిపించే లెక్కలు రెండు దగ్గరే ఆగవు. అయిదు, ఆరు, ఎనిమిది దాకా పోతాయి. పెద్ద పందెం కాయడానికి ధైర్యమిచ్చే ఆటలు ఎక్కువగా ఆ అయిదో పేకలోనే పుడతాయి. రెండు పేకలు వెనక మిగిల్చే డీలరు సరిగ్గా ఆ పేకనే ఆటలో లేకుండా చేస్తున్నాడు. మొదటి మూడు పేకల్లో నష్టానికి ఓర్చి కాచుకున్నవాడికి, పంట చేతికొచ్చే వేళకు ఆట ఆగిపోతుంది.

ఒక పేక ఆటలో దీన్ని ఇంకో విధంగా గమనించాలి. అక్కడ పలుచోట్ల ఒక సంప్రదాయం పాటిస్తారు: ఆటగాళ్ళ సంఖ్య, కలపడానికి ముందు ఆడే ఆటల సంఖ్య కలిపితే ఆరు అవుతుంది. ఒక్కరే కూర్చుంటే అయిదు ఆటలు, ఇద్దరైతే నాలుగు, ముగ్గురైతే మూడు. కాబట్టి అదే టేబుల్ ఒంటరి ఆటగాడికి మంచిదైనా, మరి ముగ్గురు చేరేసరికి లెక్కించడానికి చోటే ఉండదు. ఎంతమంది కూర్చున్నారన్నది పెద్ద షూ ఆటలో వేగానికి సంబంధించిన విషయం: నిండిన టేబుల్ దగ్గర గంటకు యాభై ఆటలు దాటడం కష్టం, ఒంటరిగా ఆడితే రెండు వందల దాకా పడతాయి. మొగ్గు అంతే ఉన్నా, ఆ గంట విలువ నాలుగో వంతుకు పడిపోతుంది.

ఈ లోతును కాసినో యాజమాన్యం బోర్డు మీద రాయదు. చూసి తెలుసుకోవలసిందే. నేను టేబుల్ వెనక రెండు అడుగుల దూరంలో నిలబడి, డీలరు కుడి చేతి పక్కన వాడిన ముక్కలు పేర్చే పారదర్శకమైన అరను గమనించేవాణ్ణి. పేక కలపడం మొదలుపెట్టే క్షణంలో ఆ అరలో దొంతర ఎంత ఎత్తుందో చూస్తే చాలు. ఇంటి దగ్గర ఒకటి, రెండు, నాలుగు, అయిదు పేకలను విడివిడిగా పేర్చి, కళ్ళకు అలవాటయ్యేదాకా వాటిని చూస్తూ సాధన చేశాను. ట్రూ కౌంట్‌కు భాగహారం చేయడానికీ ఈ చూపే పనికొస్తుంది. ఒకే కాసినోలో, ఒకే నియమాలున్న రెండు టేబుళ్ళ దగ్గర ఒక డీలరు ఒక పేక కన్నా తక్కువ మిగిల్చడం, పక్కవారు పేకన్నర మిగిల్చడం చాలాసార్లు చూశాను. డీలర్ల డ్యూటీ మారినప్పుడు ఆట నాణ్యత కూడా మారుతుంది. అందుకే ఫలానా కాసినో మంచిదని చెప్పే జాబితాల మీద నాకు నమ్మకం లేదు. మంచి డీలరు ఎవరో ఆ పూట చూసుకోవాలి.

కలిపే యంత్రాల గురించి కొత్తవారిలో ఉన్న గందరగోళాన్ని కూడా మీ వ్యాసం తొలగించలేదు. ఇవి రెండు రకాలు. మొదటి రకం యంత్రం, ఒక జత పేకలతో ఆట సాగుతుండగా రెండో జతను కలిపి సిద్ధం చేస్తుంది. దానివల్ల లెక్కించేవాడికి నష్టం లేదు, పైగా కలిపే సమయం ఆదా అవుతుంది. రెండో రకంలో, ప్రతి ఆట అయిన వెంటనే వాడిన ముక్కలు తిరిగి యంత్రంలోకి వెళ్ళి మిగతావాటితో కలిసిపోతాయి. అక్కడ లెక్క పేరుకోవడం అన్నది ఉండదు. రెంటినీ దూరం నుంచి వేరు చేసే గుర్తు ఆ కుడి పక్క అరే: వాడిన ముక్కలు అక్కడ పోగుపడుతుంటే కూర్చోవచ్చు, పోగుపడకపోతే కదలాలి. కంప్యూటర్ ముక్కలు పంచే ఆన్‌లైన్ ఆటల్లో సాధారణంగా ప్రతి ఆటకూ పేక కొత్తగా కలిసినట్టే కనుక అక్కడ లెక్కింపు నేర్పుతామనే యాప్‌లను నమ్మకూడదు. మనిషి డీలరుగా కనిపించే ఆన్‌లైన్ ఆటల్లో కూడా ఎనిమిది పేకలు పెట్టి సగానికే కోసేయడం మామూలు.

మిగతా నియమాల ప్రభావం చిన్నదే. ఆసును పదకొండుగా లెక్కిస్తే వచ్చే 17 మీద డీలరు ఆగితే మనకు మేలు. ఇంకో ముక్క తీసుకుంటే సుమారు 0.2 శాతం నష్టం. ఒకే విలువ ఉన్న రెండు ముక్కల జతను రెండు చేతులుగా విడదీశాక పందెం రెట్టింపు చేయనిస్తే 0.14 శాతం లాభం. సగం పందెం వదులుకుని తప్పుకునే సరెండర్ అవకాశం మామూలు ఆటగాడికి 0.1 శాతం కూడా చేయదు. లెక్కించేవాడికి మాత్రం దాని విలువ ఎక్కువ, ఎందుకంటే పెద్ద పందెం పెట్టిన సమయంలోనే డీలరుకు పది విలువ ముక్క, మన చేతికి 15, 16 వచ్చే సందర్భాలు ఎక్కువగా ఎదురవుతాయి. డీలరుకు ఆసు కనిపించినప్పుడు బ్లాక్‌జాక్ ఉందని కాసే ఇన్సూరెన్స్ పందెం సంగతీ అలాంటిదే: మామూలుగా అది ఏడు శాతానికి పైగా నష్టం తెచ్చే పందెం, ట్రూ కౌంట్ మూడు దాటితే లాభసాటి. ఈ చిన్న అంకెలకు, లోతుకు మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే, 17 మీద డీలరు ఇంకో ముక్క తీసుకునే టేబుల్ అయినా సరే, ఒకే పేక వెనక మిగిల్చేదాన్ని నేను ఎంచుకుంటాను.

ఇంతా చేసి మంచి టేబుల్ దొరికితే గెలుపు ఖాయమా అని పాఠకులు అడగవచ్చు. కాదు. బ్లాక్‌జాక్‌లో ఒక ఆట ఫలితపు ప్రామాణిక విచలనం పందెంలో సుమారు 1.15 రెట్లు. సమాన పందేలతో, ఒక శాతం మొగ్గుతో ఆడుతున్నామని లెక్క సులువు కోసం అనుకుందాం. వంద ఆటలకు ఆశించే లాభం ఒక్క పందెం. హెచ్చుతగ్గు పదకొండున్నర పందేలు. పదివేల ఆటలు ఆడితే ఆశించే లాభం వంద పందేలు, హెచ్చుతగ్గు నూట పదిహేను. అంటే తప్పు చేయకుండా పదివేల ఆటలు ఆడిన అయిదుగురిలో దాదాపు ఒకరు నష్టంతోనే లేస్తారు. మొగ్గు అర శాతానికి తగ్గితే పరిస్థితి ఎంత దిగజారుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఆట ఎంపికలో పోగొట్టుకున్న అర శాతాన్ని లెక్కింపు నైపుణ్యంతో పూడ్చుకోవడం సాధ్యం కాదు. ఇంటి ఖర్చులకు కావలసిన డబ్బుతో, అప్పు తెచ్చిన డబ్బుతో ఈ పనికి దిగేవారు ఎంత తెలివైనవారైనా మునిగిపోతారు. మీ వ్యాసంలో ఈ హెచ్చరిక ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

చట్టం గురించి వ్యాసకర్త రాసినది కూడా సగమే. 1962లో గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ తన పుస్తకంతో ఈ విద్యను లోకానికి వెల్లడించినప్పటి నుంచీ కాసినోలు ఊరుకోలేదు. 1964లో నెవాడాలో జతల విభజనను, పందెం రెట్టింపును కట్టడి చేస్తూ నియమాలు మార్చారు. మామూలు ఆటగాళ్ళే టేబుళ్ళకు రావడం మానేయడంతో కొద్ది వారాల్లో ఆ మార్పులను వెనక్కి తీసుకున్నారు. మెదడుతో లెక్కించడం నెవాడాలో నేరం కాదు, అయినా లెక్కిస్తున్నారని అనుమానం వస్తే ఆడవద్దని చెప్పి బయటికి పంపవచ్చు. ఫోనుతో గానీ మరే పరికరంతో గానీ లెక్కించడం మాత్రం 1985 నుంచి అక్కడ నేరం. న్యూజెర్సీలో ముక్కలు లెక్కించే ఆటగాడు కెన్ ఉస్టన్ వేసిన దావాలో 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, లెక్కిస్తున్నారన్న కారణంతో కాసినో తనంతట తాను ఎవరినీ గెంటివేయకూడదు. వ్యాసకర్త దీన్ని ఆటగాళ్ళ విజయంగా వర్ణించి వదిలేశారు. తర్వాత జరిగింది ఏమిటంటే, అనుమానం వచ్చిన చోట తొందరగా పేక కలిపేయడం, పందెం పరిమితిని తగ్గించడం వంటి మార్గాలను ఆ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీ కాసినోలు వాడుకున్నాయి, అక్కడి నిబంధనలూ అందుకు ఒప్పుకున్నాయి. కుర్చీ దక్కింది గానీ, అయిదో పేక దక్కలేదు.

నేను చివరిసారి నెవాడా వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం రెండు గంటల పాటు పద్నాలుగు టేబుళ్ళు పరిశీలించి చిన్న కాగితం మీద రాసుకున్నాను. ఆరింటి మీద అయిదుకు ఆరు అని రాసి ఉంది. మూడింటి దగ్గర ఎడతెగకుండా కలిపే యంత్రాలు ఉన్నాయి. మూడింటి దగ్గర డీలర్లు రెండు పేకలు, అంతకన్నా ఎక్కువ వెనక మిగిల్చారు. ఒకదాని దగ్గర కనీస పందెం 100 డాలర్లు. నా దగ్గర ఉన్న సొమ్ముకు అది తగదు. మిగిలిన ఒక్క టేబుల్ దగ్గర చెల్లింపు రెండుకు మూడు, డీలరు ముప్పాతిక పేక మాత్రమే మిగిల్చాడు, ఏడు కుర్చీలూ నిండి ఉన్నాయి. నలభై నిమిషాలు దాని వెనకే నిలబడ్డాను. ఎవరూ లేవలేదు. ఒక్క పందెమూ కాయకుండా బయటికి వచ్చేశాను. నా దృష్టిలో ఆ ఆరేళ్ళలో నేను లెక్క తప్పకుండా ఆడిన రాత్రుల్లో అదొకటి.

వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం వెలువడుతుందని మీరు ప్రకటించారు. పందేలు పెంచే పద్ధతులు మొదలుపెట్టే ముందు, చెల్లింపు, లోతు, కలిపే యంత్రం, చేతిలో ఉండవలసిన సొమ్ము అనే నాలుగు విషయాలను అంకెలతో సహా అందులో చేర్చవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను. ట్రూ కౌంట్ విచలనానికి నేను వేసిన లెక్క పూర్తి రూపం కావాలంటే పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు